నెట్‌కి కలపకపోతే చాలా? మార్చిన గేమ్ కన్సోల్‌ను అప్‌డేట్ల నుంచి కాపాడుకోవడం

విజయవాడ గవర్నర్‌పేటలోనో గుంటూరు బ్రాడీపేటలోనో సెకండ్ హ్యాండ్ గేమ్ కన్సోల్ కొనడానికి వెళ్తే, అందులో ఫర్మ్‌వేర్ (మెషీన్ లోపలి సొంత సాఫ్ట్‌వేర్) ముందే మార్చి ఉంటే, అమ్మే మనిషి చెప్పే జాగ్రత్త సాధారణంగా ఒక్కటే. “నెట్‌కి కలపొద్దు తమ్ముడూ. అప్‌డేట్ అడిగితే వద్దని కొట్టు. అంతే.” కొన్న కుర్రాడు “సరే అన్నా” అని ఇంటికి తెచ్చుకుంటాడు. కొన్నాళ్ళకి ఓ పొద్దున ఆన్ చేస్తే పాత మెనూ కనిపించదు, పెట్టుకున్న ప్రోగ్రాములు తెరుచుకోవు. “నేను అసలు నెట్‌కే కలపలేదు” అంటాడు. చాలాసార్లు అతను చెప్పేది నిజమే.

ఆ సలహా సగమే కాబట్టి ఇలా జరుగుతుంది. అధికారిక అప్‌డేట్ కన్సోల్‌లోకి వచ్చే దారుల్లో ఇంటర్నెట్ ఒకటి మాత్రమే. అంతకన్నా పెద్ద సంగతి ఇంకోటి ఉంది. అప్‌డేట్ వస్తే ఏం పోతుందన్నది అన్ని కన్సోళ్ళకీ ఒకేలా ఉండదు. ఒకదాంట్లో నిశ్చింతగా అప్‌డేట్ చేసుకోవచ్చు, మన మార్పు చెక్కుచెదరదు. ఇంకోదాంట్లో ఒక్క అప్‌డేట్‌తో వెనక్కి రాలేని చోటికి చేరతాం. మార్పు మెషీన్‌లో ఏ పొరలో కూర్చుందో తెలిస్తే ఏది అడ్డుకోవాలో, ఏది వదిలేయొచ్చో తెలుస్తుంది. అది తెలియనంత కాలం భయమే మిగులుతుంది.

ఫర్మ్‌వేర్ అంటే కన్సోల్ లోపలి ఫ్లాష్ మెమరీలో ఉండే సాఫ్ట్‌వేర్. పవర్ బటన్ నొక్కిన దగ్గర్నుంచి గేమ్ మొదలయ్యేదాకా నడిపించేది అదే. కంపెనీ డిజిటల్ సంతకం ఉన్న ప్రోగ్రాముల్నే నడపాలన్న నియమం కూడా అందులోనే ఉంటుంది. సంతకం సరిపోకపోతే ప్రోగ్రామ్ మొదలే కాదు. ఆ తనిఖీలో ఎక్కడో ఒక లోపం దొరుకుతుంది, దాన్ని పట్టుకుని తయారైనదే కస్టమ్ ఫర్మ్‌వేర్. దొంగ కాపీల కోసమే ఇది చేయించుకునేవాళ్ళు ఉన్నారు. నేను దాన్ని సమర్థించను. కానీ సొంతంగా రాసిన ప్రోగ్రాములు నడుపుకోవాలనుకునే ఇంజినీరింగ్ పిల్లలు, ఏళ్ళ తరబడి ఆడిన సేవ్ ఫైళ్ళు బ్యాకప్ తీసుకోవాలనుకునేవాళ్ళు కూడా ఉన్నారు. నింటెండో 3డీఎస్ అనే చేతి కన్సోల్ ఆన్‌లైన్ షాపులో కొనుగోళ్ళు 2023 మార్చి 27న ఆగిపోయాయి, ఆన్‌లైన్ ఆట 2024 ఏప్రిల్‌లో ఆగింది. అలాంటి మెషీన్‌ని ఇంకా పూర్తిగా వాడుకోవాలనుకునేవాళ్ళు కస్టమ్ ఫర్మ్‌వేర్ వైపు చూస్తారు.

అప్‌డేట్ ఏ దారిన వస్తుంది?

నెట్ దారి అందరికీ తెలిసిందే. రెస్ట్ మోడ్‌లో పెడితే కన్సోల్ నిద్రపోతున్నట్టు కనిపిస్తుంది గానీ, సెట్టింగ్స్‌లో ఆటోమేటిక్ డౌన్‌లోడ్ ఆన్‌లో ఉంటే రాత్రంతా పని చేస్తూనే ఉంటుంది.

రెండో దారి గేమ్ డిస్క్. సోనీ పీఎస్పీ రోజుల నుంచీ ఇది ఉంది. 2004 చివర్లో జపాన్‌లో వచ్చిన ఆ చేతి కన్సోల్‌కి గేములు యూఎండీ అనే చిన్న డిస్కుల మీద వచ్చేవి. చాలా డిస్కుల్లో గేమ్‌తో పాటు అప్‌డేట్ ఫైల్ కూడా ఉండేది. ఈ గేమ్ ఆడాలంటే ముందు అప్‌డేట్ చేసుకో అని కన్సోల్ అడిగేది. వైఫై ముఖం చూడని మెషీన్ కూడా అలా అప్‌డేట్ అయిపోయేది. నింటెండో కంపెనీ వీ (Wii) అనే కన్సోల్ డిస్కులదీ, స్విచ్ అనే కన్సోల్ కార్ట్రిడ్జ్‌లదీ (గేమ్ ఉండే చిన్న కార్డులు) ఇదే పద్ధతి. సోనీ పీఎస్4 (ప్లేస్టేషన్ 4) డిస్కులతో కూడా అప్‌డేట్ రావచ్చు.

వీ విషయంలో మన ఊళ్ళకి ప్రత్యేకంగా తగిలే ఇబ్బంది ఒకటుంది. మన దగ్గర చాలా ఇళ్ళలో కన్సోల్ అమెరికా నుంచి బావో బాబాయో తెచ్చింది. డిస్కులు మాత్రం ఇక్కడ కొన్నవి, వేరే రీజియన్‌వి (అంటే వేరే దేశాల కోసం తయారైనవి). రీజియన్ తనిఖీని దాటేలా మార్చిన వీలో అలాంటి డిస్క్ పెట్టి, అది అడిగిన అప్‌డేట్‌కి ఒప్పుకుంటే, వేరే రీజియన్ సిస్టమ్ ఫైళ్ళు వచ్చి కూర్చుంటాయి. మెనూలో ఛానళ్ళు (ప్రోగ్రాముల బొమ్మలు) రెండేసి కనిపించడం, సెట్టింగ్స్ తెరుచుకోకపోవడం లాంటివి మొదలవుతాయి. ప్రీలోడర్ అనే చిన్న ప్రోగ్రామ్‌లో ‘డిస్క్ అప్‌డేట్లు ఆపు’, ‘ఆన్‌లైన్ అప్‌డేట్లు ఆపు’ అని రెండు వేర్వేరు ఆప్షన్లు పెట్టడానికి కారణం ఇదే. రెండూ వేర్వేరు తలుపులు. ఒకటి మూసి రెండోది తెరిచి ఉంచితే లాభం లేదు.

మూడో దారి మనిషి. ఇంట్లో చిన్నవాడు స్క్రీన్ మీద ఏది వస్తే అది ‘ఓకే’ నొక్కేస్తాడు. దీనికి సాఫ్ట్‌వేర్‌లో మందు లేదు గానీ, ఇంట్లో వాళ్ళకి రెండు నిమిషాలు కూర్చోబెట్టి చెబితే చాలా నష్టం తప్పుతుంది.

మార్పు ఏ పొరలో ఉంది?

కన్సోల్ ఆన్ అయ్యే వరసని చూద్దాం. మొదట నడిచేది బూట్ రోమ్. చిప్ తయారయ్యేటప్పుడే సిలికాన్‌లో ముద్రించేస్తారు, ఆ తర్వాత కంపెనీ కూడా మార్చలేదు. అది ఫ్లాష్‌లో ఉన్న బూట్‌లోడర్‌ని చదివి, సంతకం చూసి, నడిపిస్తుంది. బూట్‌లోడర్ అసలు ఆపరేటింగ్ సిస్టమ్‌ని పైకి లేపుతుంది. ఆ పైన మెనూలు, గేములు. అప్‌డేట్ తిరగరాయగలిగేది ఫ్లాష్‌లో ఉన్నవాటిని మాత్రమే. బూట్ రోమ్‌ని అది ముట్టుకోలేదు.

కాబట్టి లోపం ఎంత కిందున్న పొరలో దొరికితే మార్పుకి అంత ఆయుష్షు. నింటెండో స్విచ్ 2017 మార్చిలో వచ్చింది. అందులోని ఎన్‌విడియా టెగ్రా ఎక్స్1 చిప్ బూట్ రోమ్‌లో, యూఎస్‌బీ రికవరీ మోడ్‌కి (మెషీన్ లేవనప్పుడు బాగుచేసే దారికి) సంబంధించిన ఒక లోపం 2018 ఏప్రిల్‌లో బయటపడింది. ‘ఫ్యూజే జెలే’ అని పేరు పెట్టారు. హద్దుకి మించిన పొడవుతో డేటా అడిగితే మెమరీ హద్దు దాటి పక్క చోటులో రాసేస్తుంది, అదీ లోపం. బూట్ రోమ్‌లో ఉంది కాబట్టి ఏ అప్‌డేట్‌తోనూ సరిచేయడం కుదరలేదు. ఫ్యాక్టరీలోనే చిప్పుల్ని సవరించి 2018 మధ్య నుంచి కొత్తవి అమ్మారు. అంతకుముందు అమ్ముడైన మెషీన్లకి ఆ తలుపు ఇప్పటికీ తెరిచే ఉంది. సెకండ్ హ్యాండ్ స్విచ్ కొనేవాళ్ళు సీరియల్ నంబర్ చూసి బేరమాడేది ఇందుకే.

దీనికి పూర్తిగా అవతలి కొసన పీఎస్4 ఉంది. దాని మీద జనం వాడే పద్ధతుల్లో మార్పు ఫ్లాష్‌లోకి వెళ్ళదు. ర్యామ్‌లో ఉంటుంది. స్విచ్ ఆఫ్ చేస్తే పోతుంది, మళ్ళీ ఆన్ చేసినప్పుడు మళ్ళీ చేయాలి. 2021 డిసెంబర్‌లో వచ్చిన 9.00 వెర్షన్ పద్ధతికి పెన్‌డ్రైవ్ కావాలి. 2024లో వచ్చిన 11.00 పద్ధతికి నెట్‌వర్క్ కేబుల్ అవతల ఒక కంప్యూటరో, ‘రాస్ప్‌బెర్రీ పై’ అనే చిన్న కంప్యూటర్ బోర్డో ఉండాలి. ఇక్కడ అప్‌డేట్ వచ్చి చెరిపేసేదంటూ ఏమీ లేదు, ఎందుకంటే రాసి పెట్టిందే లేదు. అప్‌డేట్ చేసేది ఆ లోపాన్ని మూసేయడం. పైగా పీఎస్4లో పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్ళే మామూలు దారి లేదు. కాబట్టి పీఎస్4 ఉన్నవాళ్ళు కాపాడుకోవాల్సింది ఒక్కటే, అది వెర్షన్ నంబర్. ఇది తెలియక “నా ఫర్మ్‌వేర్ బ్యాకప్ ఎలా తీయాలి” అని వెతికేవాళ్ళు ఉన్నారు. వాళ్ళు వెతకాల్సింది అప్‌డేట్‌ని పూర్తిగా ఎలా ఆపాలన్న సమాధానం.

ఈ రెంటికీ మధ్యలో ఉన్నదే నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఉదాహరణ, నింటెండో 3డీఎస్. కాస్త నిదానంగా చూడదగ్గది.

3డీఎస్ బూట్ రోమ్‌లో సంతకం తనిఖీ చేసే కోడ్‌లోనే తప్పు ఉంది. సరిగ్గా కూర్చిన ఒక నకిలీ సంతకాన్ని అది అసలుదని నమ్మేస్తుంది. దాని ఆధారంగా 2017లో ‘బూట్‌నైన్‌స్ట్రాప్’ వచ్చింది. అది ఫ్లాష్‌లో ఫర్మ్ అనే విభాగంలో, అంటే నింటెండో సొంత బూట్ కోడ్ ఉండాల్సిన చోటే కూర్చుంటుంది. బూట్ రోమ్ దాన్ని చదివి, సంతకం సరే అనుకుని నడిపిస్తుంది. అది ఎస్‌డీ కార్డులో ఉన్న ‘లూమా’ అనే కస్టమ్ ఫర్మ్‌వేర్‌ని లేపుతుంది.

ఇప్పుడు నింటెండో అప్‌డేట్ వచ్చిందనుకుందాం. ఆ అప్‌డేట్ కొత్త బూట్ కోడ్‌ని తెచ్చి అదే ఫర్మ్ విభాగంలో రాయాలి. రాస్తే బూట్‌నైన్‌స్ట్రాప్ తుడిచిపెట్టుకుపోతుంది. అయితే అప్‌డేట్‌ని ఇన్‌స్టాల్ చేసేది అప్పటికి నడుస్తున్న ఆపరేటింగ్ సిస్టమే కదా. దాన్ని పైకి లేపింది లూమా. లేపేటప్పుడే దాని మెమరీలో, ఫర్మ్ విభాగంలో రాసే కోడ్ ఎక్కడుందో వెతికి పట్టుకుని, ఆ ఒక్క పనిని మాత్రం చేయకుండా సవరించి పెడుతుంది. మిగతా సిస్టమ్ ఫైళ్ళన్నీ మామూలుగా కొత్తవి అవుతాయి. ఫర్మ్ విభాగం దగ్గరికి వచ్చేసరికి రాత జరగదు, పని అయిపోయిందనుకుని అప్‌డేట్ ముగుస్తుంది. మెషీన్ కొత్త వెర్షన్‌కి వస్తుంది, మార్పు ఎక్కడిదక్కడే ఉంటుంది.

అప్‌డేట్‌తో కొట్లాడకుండా, దాన్ని రానిచ్చి, ముట్టుకోకూడని ఒక్క చోటుని కాపాడుకోవడం ఇది. మార్చిన ఫర్మ్‌వేర్‌ని రక్షించే పద్ధతుల్లో ఇంతకన్నా చక్కనిది నేను చూడలేదు. దీనికీ హద్దు ఉంది. లూమా ఆ కోడ్‌ని వెతికేది కొన్ని బైట్ల వరసని బట్టి. కంపెనీ కోడ్ మారితే ఆ వరస దొరకకపోవచ్చు. అందుకే కొత్త అప్‌డేట్ రాగానే నొక్కేయకుండా, లూమా తయారుచేసేవాళ్ళు సరేననేదాకా కొన్ని రోజులు ఆగడం మంచిది. “ఆ మెషీన్ పని అయిపోయిందిగా, ఇంకేం అప్‌డేట్లు” అనుకోవడం కూడా పొరపాటే. షాపు మూసేసిన రెండు నెలలకి, 2023 మేలో, 3డీఎస్‌కి మరో సిస్టమ్ అప్‌డేట్ వచ్చింది.

వీ కథ దీనికి చేదు జోడు. 2009 సెప్టెంబర్‌లో వచ్చిన 4.2 అప్‌డేట్ హోమ్‌బ్రూని (కంపెనీ సంతకం లేని సొంత ప్రోగ్రాముల్ని) తీసేయడంతో ఆగకుండా, ‘బూట్2’ అనే బూట్‌లోడర్‌ని కూడా తిరగరాసింది. బూట్2 దెబ్బతింటే మెషీన్ లేవదు. ఆ రాత సరిగ్గా పడక, ఏ మార్పూ చేయని మెషీన్లు కూడా కొన్ని చచ్చుపడ్డాయి. నిబంధనలన్నీ పాటించినవాళ్ళు కూడా దెబ్బతిన్నారు. కింది పొరని తిరగరాయడం ఎవరు చేసినా ప్రమాదకరమే.

వెనక్కి తిరిగి రానివ్వని ఫ్యూజులు

అప్‌డేట్ అయిపోయాక పాత వెర్షన్‌ని మళ్ళీ ఎక్కించుకోవచ్చు కదా అన్నది సహజమైన ప్రశ్న. దాన్ని అడ్డుకోవడానికి చిప్ లోపల ఈ-ఫ్యూజులు అని ఉంటాయి. ఒక్కో ఫ్యూజు ఒక్కో బిట్. కరెంటు పంపి కాలిస్తే శాశ్వతంగా కాలినట్టే. ఇంట్లో ఫ్యూజు పోతే తీగ మార్చి పెట్టుకుంటాం, ఇక్కడ అలాంటిది లేదు.

స్విచ్‌లో కొన్ని ముఖ్యమైన వెర్షన్లకి ఇన్ని ఫ్యూజులు కాలి ఉండాలి అని లెక్క ఉంటుంది. నింటెండో బూట్‌లోడర్ లేవగానే లెక్కపెడుతుంది. తక్కువుంటే కాల్చేస్తుంది. ఎక్కువుంటే, అంటే కొత్త వెర్షన్ చూసిన మెషీన్‌లో పాతది ఎక్కించారని అర్థమైతే, అక్కడే ఆగిపోతుంది. ఇక్కడ చాలామంది అనవసరంగా టెన్షన్ పడతారు. ఈ తనిఖీ చేసేది నింటెండో బూట్‌లోడర్. పాత స్విచ్‌లలో రికవరీ మోడ్ నుంచి కస్టమ్ బూట్‌లోడర్‌తో లేపితే ఆ తనిఖీ జరగనే జరగదు. ఫ్యూజులు కాలినంత మాత్రాన మార్పు పోయినట్టు కాదు. పోయేది, పాత వెర్షన్‌ని మామూలు పద్ధతిలో లేపే వీలు.

ఫ్యూజులు కూడా కాలకూడదనుకునేవాళ్ళు ‘ఆటో ఆర్‌సీఎం’ వాడతారు. బూట్‌లోడర్ సమాచారం ఉన్న చోట కావాలనే చిన్న తేడా పెడతారు. దాంతో ప్రతిసారీ మెషీన్ నేరుగా రికవరీ మోడ్‌కే వెళ్తుంది, నింటెండో బూట్‌లోడర్ నడవదు, ఫ్యూజులు కాలవు. ఇబ్బంది ఏంటంటే ప్రతిసారీ ఫోన్ నుంచో లాప్‌టాప్ నుంచో పేలోడ్ (కస్టమ్ బూట్‌లోడర్‌ని లేపే చిన్న ప్రోగ్రామ్) పంపితే గానీ మెషీన్ లేవదు. బ్యాటరీ పూర్తిగా అయిపోతే ఛార్జింగ్ కూడా ఆ మోడ్‌లో బాగా నెమ్మది. ప్రయాణాల్లో వాడుకునేవాళ్ళకి నేనైతే దీన్ని సిఫారసు చేయను.

ఎక్స్‌బాక్స్ 360 వాళ్ళు ఇదే సమస్యని టంకం మిషన్‌తో తీర్చుకున్నారు. 2009 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ ఇచ్చిన అప్‌డేట్, అప్పటిదాకా నడిచిన జేటాగ్ అనే హ్యాకింగ్ పద్ధతికి ఆధారమైన పాత బూట్‌లోడర్‌ని మార్చేసింది. ఆ మెషీన్‌లో ఫ్యూజులు కాలాలంటే వాటికి కరెంటు అందాలి. ఆ కరెంటు వెళ్ళే దారిలో మదర్‌బోర్డు మీద ఆర్6టీ3 అని ముద్రించిన ఒక చిన్న రెసిస్టర్ ఉంటుంది. దాన్ని పీకేస్తే ఫ్యూజులు కాలవు. ఇంత చిన్న ముక్క మీద అంత పెద్ద కంపెనీ రక్షణ ఆధారపడి ఉండటం చూస్తే, ఆ బోర్డుని మొదట చదివి అర్థం చేసుకున్నవాళ్ళ ఓపికకి దండం పెట్టాలనిపిస్తుంది. తర్వాత డ్యాష్‌లాంచ్ అనే ప్రోగ్రామ్‌లో అప్‌డేట్లని ఆపే ఆప్షన్ వచ్చింది. మార్చిన 360 కొంటే ముందు చూడాల్సింది ఆ సెట్టింగే.

స్విచ్‌లో ఇంకో చిక్కు చాలామంది దృష్టికి రాదు. కార్ట్రిడ్జ్ చదివే విడి చిప్‌కి సొంత ఫర్మ్‌వేర్ ఉంది. 4.0.0, 9.0.0 లాంటి కొన్ని వెర్షన్లలో అది కూడా అప్‌డేట్ అవుతుంది, మళ్ళీ వెనక్కి రాదు. తర్వాత సిస్టమ్‌ని పాత వెర్షన్‌కి దింపితే, కార్ట్రిడ్జులు చదవడం ఆగిపోతుంది. సిస్టమ్ బ్యాకప్‌లో ఈ చిప్ ఉండదు.

వెర్షన్ దాచిపెడితే సరిపోదు

పీఎస్పీ రోజుల్లో ఒక తేలికైన ఉపాయం ఉండేది. సిస్టమ్‌లో వెర్షన్ నంబర్ రాసి ఉన్న చిన్న టెక్స్ట్ ఫైల్‌ని మార్చి పెద్ద నంబర్ పెట్టేస్తే, తాను ఇప్పటికే కొత్తదాన్నని అనుకుని కన్సోల్ అప్‌డేట్ అడగడం మానేసేది. ఇప్పటికీ కొన్ని మెషీన్లలో ఇలాంటి వేషాలు నడుస్తాయి. కానీ కొత్త గేములు ఎన్‌క్రిప్ట్ అయి వస్తాయి, వాటిని తెరిచే కీలు కొత్త ఫర్మ్‌వేర్‌తోనే వస్తాయి. నంబర్ మార్చినంత మాత్రాన కీ రాదు. అప్‌డేట్ ఆపుకున్నవాళ్ళు చెల్లించే అసలు మూల్యం ఇదే. కొన్నాళ్ళకి కొత్త గేములు తెరుచుకోవు, ఆన్‌లైన్‌లోకి రానివ్వరు. భద్రతా లోపాలు కూడా అలాగే ఉండిపోతాయి. ఆ మెషీన్‌లో కార్డు వివరాలు పెట్టడం గానీ, ముఖ్యమైన ఖాతాతో లాగిన్ అవడం గానీ వద్దు.

అప్‌డేట్‌ని ఎందుకు అనుమానించాల్సి వచ్చింది?

దీనికి పీఎస్3 కథ తెలియాలి. 2006లో వచ్చినప్పుడు అందులో ‘అదర్ ఓఎస్’ అనే సదుపాయం ఉండేది. లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించుకుని కంప్యూటర్‌లా వాడుకోవచ్చని సోనీయే చెప్పుకుంది. అమెరికా వైమానిక దళ పరిశోధనశాల 1,760 పీఎస్3లు జోడించి కాండర్ క్లస్టర్ అనే సూపర్‌కంప్యూటర్ కట్టుకుంది. 2010 జనవరిలో ఒక యువ హ్యాకర్ ఆ దారిలోంచే లోపలికి వెళ్ళానని ప్రకటించాడు. 2010 ఏప్రిల్ 1న వచ్చిన 3.21 అప్‌డేట్ ఆ సదుపాయాన్ని తీసేసింది. అప్‌డేట్ చేస్తే లినక్స్ పోతుంది. చేయకపోతే ఆన్‌లైన్, కొత్త గేములు పోతాయి. డబ్బు పెట్టి కొన్నప్పుడు రెండూ ఉన్నాయి, తర్వాత ఒకటే ఎంచుకోమన్నారు. ఈ విషయం అమెరికా కోర్టులో సామూహిక దావాగా ఏళ్ళ తరబడి నడిచి రాజీతో ముగిసింది.

అదే ఏడాది డిసెంబర్‌లో జర్మనీలో జరిగిన హ్యాకర్ల సమావేశంలో, పీఎస్3 సంతకాల్లో ప్రతిసారీ మారాల్సిన యాదృచ్ఛిక సంఖ్య మారకుండా ఒకటే ఉందని చూపించారు. దాన్ని బట్టి సంతకం చేసే రహస్య కీనే లెక్కగట్టొచ్చు. 3.55 వెర్షన్‌కి పీఎస్3 లోకంలో ఇప్పటికీ అంత పేరు ఉండటానికి కారణం అదే. వెంటనే 2011 జనవరిలో వచ్చిన 3.56 తలుపులు వేయడం మొదలుపెట్టింది. కొన్న వస్తువు గుణం కొన్న తర్వాత దూరం నుంచి మార్చగలగడం చిన్న విషయం కాదు. అప్‌డేట్‌కి అడ్డం పెట్టుకునే ప్రతివాడూ దొంగ అనే మాటని నేను ఒప్పుకోకపోవడానికి ఈ చరిత్రే కారణం.

చట్టం గురించి రెండు మాటలు. మన కాపీరైట్ చట్టం 1957లో, 2012 సవరణతో వచ్చిన 65ఎ సెక్షన్ ప్రకారం, హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో రక్షణ ఏర్పాటుని దాటితే రెండేళ్ళ దాకా జైలు, జరిమానా. ఇక్కడ ‘ఉద్దేశం’ ముఖ్యం. సొంత ప్రోగ్రామ్ నడుపుకోవడం వేరు, కాపీ గేములు నింపి అమ్మడం వేరు. అమెరికాలో 1998 నాటి డీఎంసీఏ చట్టం ఇంకా కఠినం. మార్పు పరికరాలు అమ్మిన ముఠాలో ఒకరికి 2022లో అక్కడి కోర్టు 40 నెలల శిక్ష వేసింది. నింటెండో 2025లో తన అమెరికా ఒప్పందంలో, నిబంధనలు మీరితే మెషీన్‌ని శాశ్వతంగా పనిచేయకుండా చేయవచ్చని రాసుకుంది. ఈ విషయంలో ఎవరి సలహా తీసుకున్నా ఇది తెలిసే తీసుకోవాలి.

కాపాడుకునే పని

అన్నిటికన్నా ముందు చేయాల్సింది, ఫ్లాష్ మొత్తాన్ని యథాతథంగా కాపీ తీసి పెట్టుకోవడం. దీన్నే నాండ్ బ్యాకప్ అంటారు. మొదటి రకం స్విచ్‌లో అది సుమారు 32 జీబీ. బూట్ విభాగాలు, ఆ మెషీన్ సొంత కీలు కూడా కలిపి తీసుకోవాలి. ఈ డేటా మెషీన్‌కో రకంగా ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, పక్కింటివాళ్ళ బ్యాకప్ మీకు పనికిరాదు. మార్పు చేయించిన షాపులో బ్యాకప్ తీశారా అని అడిగి, తీస్తే పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోవాలి. కన్సోల్‌లో ఉండే ఎస్‌డీ కార్డులోనే ఉంచడం ఉంచనట్టే, కార్డు పోతే అదీ పోతుంది. ఇంకో డిస్క్‌లో మరో కాపీ పెట్టండి. బ్యాకప్ తీసేటప్పుడు, తిరిగి రాసేటప్పుడు కరెంటు పోకుండా చూసుకోవాలి. మన వేసవిలో అది ముఖ్యం. టీవీకి కలిపే కన్సోల్ అయితే ఇన్వర్టర్ లైన్ మీద పెట్టి గానీ మొదలుపెట్టొద్దు.

స్విచ్ ఉన్నవాళ్ళకి ఎమ్యుఎంఎంసీ మంచి ఏర్పాటు. లోపలి ఫ్లాష్‌ని ఎస్‌డీ కార్డు మీదకి నకలు తీసి, మార్పులన్నీ ఆ నకలులోనే నడుపుతారు. కార్ట్రిడ్జ్ అడిగిన అప్‌డేట్ కూడా నకలులోకే వెళ్తుంది. నకలు పాడైతే మళ్ళీ చేసుకోవచ్చు, అసలు ఫ్లాష్‌కి ఏమీ కాదు. అట్మాస్ఫియర్ అనే కస్టమ్ ఫర్మ్‌వేర్‌తో పాటే డేబ్రేక్ అనే ప్రోగ్రామ్ వస్తుంది. దాంతో నెట్‌కి వెళ్ళకుండా, ఫ్యూజులు కాలకుండా మనకి కావలసిన వెర్షన్‌కి వెళ్ళొచ్చు. అయితే ముందు అట్మాస్ఫియర్‌ని కొత్తదానికి మార్చి, తర్వాతే సిస్టమ్‌ని మార్చాలి. వరస తిరగబడితే నల్ల తెరో, ఎర్రర్ తెరో వస్తుంది. చాలామంది ‘చచ్చిపోయింది’ అని షాపుకి తెచ్చే స్విచ్‌లలో ఇలాంటివి ఉంటాయి. కొత్త అట్మాస్ఫియర్ ఫైళ్ళు కార్డులో వేస్తే లేచి కూర్చుంటాయి.

ఇక డీఎన్ఎస్. కన్సోల్ అప్‌డేట్ సర్వర్‌ని పేరుతో పిలుస్తుంది, ఆ పేరు ఏ అడ్రసో చెప్పేది డీఎన్ఎస్ సర్వర్. ఆ పేర్లకి సమాధానం ఇవ్వని డీఎన్ఎస్‌ని కన్సోల్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో పెడితే అప్‌డేట్ దొరకదు. తేలికైన పద్ధతే, కానీ దీని మీదే పూర్తిగా ఆధారపడితే ఎలా దెబ్బతింటామో చూడండి. డీఎన్ఎస్ సెట్టింగ్ ఆ ఒక్క వైఫైకే నిలుస్తుంది. కరెంటు పోయి ఫైబర్ బాక్స్ ఆగిపోతుంది, కన్సోల్ ఛార్జింగ్ ఉంటుంది, పిల్లలు ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేసి కలుపుతారు. అది కొత్త కనెక్షన్, డీఎన్ఎస్ ఆటోమేటిక్. ఆ కాసేపట్లోనే అప్‌డేట్ దిగడం మొదలవుతుంది. ఇంట్లో రౌటర్ మార్చినా, పాస్‌వర్డ్ మార్చి కొత్తగా కలిపినా అంతే. రౌటర్‌లో ఆ పేర్లని ఆపినా, హాట్‌స్పాట్ రౌటర్‌ని దాటిపోతుంది. అందుకే ఆపే పని కన్సోల్ లోపలే జరగడం మేలు. అట్మాస్ఫియర్‌లో హోస్ట్స్ ఫైల్ (ఏ పేరుకి ఏ అడ్రసో రాసుకునే జాబితా) ద్వారా నింటెండో సర్వర్ల పేర్లని లోపలే ఆపవచ్చు, ఏ వైఫై అయినా సరే. వీలో ప్రీలోడర్ చేసేదీ, 360లో డ్యాష్‌లాంచ్ చేసేదీ ఇలాంటిదే.

పీఎస్4లో ఒక ముచ్చటైన ఉపాయం వాడతారు. దిగే అప్‌డేట్ ఫైల్‌కి ఒక నిర్ణీతమైన పేరు ఉంటుంది. జైల్‌బ్రేక్ చేసినప్పుడు (అంటే లోపాన్ని వాడి రక్షణ దాటినప్పుడు), అది దిగాల్సిన చోట అదే పేరుతో ఒక ఫోల్డర్ సృష్టించి పెడతారు. ఒకే పేరుతో ఫోల్డర్ ఉన్నచోట ఫైల్ ఏర్పడదు కాబట్టి డౌన్‌లోడ్ మొదట్లోనే విఫలమవుతుంది. ఈ ఏర్పాటు కన్సోల్ లోపలి హార్డ్ డిస్క్‌లో రాసినది. కాబట్టి స్విచ్ ఆఫ్ చేసినా నిలిచి ఉంటుంది, హాట్‌స్పాట్‌కి కలిపినా పని చేస్తుంది. దీనితో పాటు ఆటోమేటిక్ డౌన్‌లోడ్లు ఆఫ్ చేసి, డీఎన్ఎస్ కూడా పెట్టుకుంటే ఒకటి తప్పినా ఇంకోటి కాస్తుంది. గేమ్ డిస్క్ అప్‌డేట్ అడిగితే మాత్రం డిస్క్ తీసేయడమే.

అప్‌డేట్ ఇప్పటికే అయిపోతే ఏం చేయాలి? ముందు కంగారుపడి ఇంకేదీ నొక్కొద్దు. పాత స్విచ్ అయితే రికవరీ మోడ్ దారి ఉంది, కస్టమ్ ఫర్మ్‌వేర్‌ని కొత్తదానికి మార్చితే సరిపోతుంది. 3డీఎస్‌లో లూమా నడుస్తూ అప్‌డేట్ అయితే అసలు ఏమీ పోదు. పాత మోడల్ పీఎస్పీలకైతే 2007లోనే పండోరా బ్యాటరీ వచ్చింది. బ్యాటరీ లోపలి సీరియల్ నంబర్ మారిస్తే మెషీన్ సర్వీస్ మోడ్‌లో మెమరీ స్టిక్ నుంచి లేస్తుంది, పూర్తిగా పోయిందనుకున్నవి కూడా బాగవుతాయి. పీఎస్4 అయితే చేరిన వెర్షన్ నంబర్ రాసి పెట్టుకుని, అక్కడే ఆపి, అన్ని దారులూ మూయాలి. “ఎలాగూ పోయింది కదా, ఇంకో అప్‌డేట్ కూడా చేసేద్దాం” అనుకోవడమే అసలు నష్టం. 9.00 దాటిపోయామని బాధపడి 11.00 దగ్గర ఆగినవాళ్ళకి 2024లో దారి దొరికింది. ఆగకుండా పైకి వెళ్ళినవాళ్ళకి ఆ దారి అందలేదు.